కాగని డప్పు

సనయ్య, దోహా
2022 ఫిబ్రవరి 11, శుక్రవారం

బావ నర్సింగ్‌కు, నీ బామ్మర్ది జలంధర్ రాయునది.

నువ్వు నవ్వుతావని తెలుసు. నోటితో 'పోయిండు' అనేవాడు కలం పట్టగానే 'వెళ్ళాడు' అంటున్నాడని. ఏం చేయను, రామచంద్రరావు సారు బెత్తంతో నేర్పిన ఉత్తరం ఇది. నీకు ఫోను లాభం లేదు. ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం మనిద్దరికీ చేతగాదు. మా క్యాంపు లింగన్న రెండు నెలల సెలవు మీద ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. శోభక్కకు చీర, నీకు తలనొప్పి తైలం సంచిలో ఉన్నాయి.

అసలు సంగతి విను. వినలేవు కదా, చదువు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నవంబరులో. ఆ రోజుల్లో మన సనయ్య క్యాంపుల కూలీల కోసం ఒక మైదానంలో పెద్ద తెర కట్టి మ్యాచులు చూపిస్తారట. మ్యాచుకు ముందు పాటలు. స్టేడియాలు కట్టినవాళ్ళే పాడాలని పెద్దవాళ్ళలో ఎవరికో బుద్ధి పుట్టింది. క్యాంపుల్లో ఉన్న బ్యాండ్ల పేర్లు ఇమ్మన్నారు. మన సేఫ్టీ ఆఫీసరు శేషాచలం గారు మన పేరు పంపారు. 'పద్నాలుగో నంబర్ బస్సు, రెగే బ్యాండ్, పదమూడేళ్ళ నుంచి' అని రాశారు. మొదలుపెట్టినవారు అనే గడిలో ఒటియెనో పేరు పక్కన నీ పేరు పెట్టించాను బావా.

పదమూడేళ్ళు! ఆ పొద్దు నాకు ఇంకా కండ్ల ముందే ఉంది. డ్యూటీకి పోయే బస్సులో నువ్వు సీటు వెనక రేకు మీద వేళ్ళతో కొడుతున్నావు. వెనక సీటు నుంచి కెన్యావాడు, మన ఒటియెనో, లేచి వచ్చి నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కొట్లాటకే వచ్చాడనుకొని నేను చెప్పు తీశాను. వాడేమో "ఫస్ట్ వన్ నో! ఫస్ట్ వన్ ఈట్!" అంటాడు. మొదటి దెబ్బ మింగేయమని. మన డప్పుకు మొదటి దెబ్బే మొనగాడు. వాళ్ళ రెగే పాటల్లో మొదటి దెబ్బే ఉండదు, ఆ ఖాళీ మీదనే పాట ఊగుతుంది. నీకు అది వంటబట్టడానికి సంవత్సరం పట్టింది. నాకు మూడేళ్ళు పట్టింది, నీ చేతి దెబ్బలు వేరే.

బేసు గిటారు రఫీక్‌దే. బంగ్లా మనిషి, ఎత్తు పనికి ఎక్కే సారువ కట్టే పని, పాడమంటే సిగ్గు. కరోనా రెండేళ్ళూ బ్యాండు పడుకుంది. ఇప్పుడు శుక్రవారాలు మళ్ళీ కూర్చుంటున్నాం. డప్పు నీదే, మీ నాయన చేసిందే. మూలకు బియ్యం సంచి మీద బట్ట కప్పి పెడుతున్నాను.

జూన్‌లో బ్యాండ్ల ఏరివేత ఉంది, బాగా పాడినవాళ్ళనే తీసుకుంటారు. దేవునికి దండం పెట్టు.

నీ బామ్మర్ది
జలంధర్


తుమ్మలపల్లె, జగిత్యాల జిల్లా
2022 ఏప్రిల్ 3

ఓరి జలంధర్,

ఉత్తరం ముట్టింది. చీర అక్కకు నచ్చింది. తైలం నాకు నచ్చలేదు, తలనొప్పి నాకెక్కడిది? తల ఖాళీగా ఉంది. చెవులు పోయినవాడికి లోకం ఎంత నిమ్మళంగా ఉంటుందో నీకేం తెలుసు. శోభ తిట్టినా తాకదు. బీడీలు చుడుతూ పెదవులు కదుపుతుంది, నేను తలూపుతాను, అంతే కాపురం.

నా పేరు ఎందుకు రాయించావురా? నేను వచ్చేసి ఐదేళ్ళయింది. ఆ బ్రేకరు మిషను ఎనిమిదేళ్ళు కాంక్రీటు పగలగొట్టింది, నా చెవులు కూడా పగలగొట్టింది. దూది ఇస్తే పెట్టుకోలేదు. దూది పెట్టుకుంటే శుక్రవారం పాటలో సన్నటి దెబ్బ తెలియదని నా తిక్క. ఒకరిని అనేదేముంది. నువ్వు మాత్రం పెట్టుకో.

రాయించావు సరే. రాయిస్తే రాయించినట్టు నిలబెట్టాలి. డప్పు చర్మం మేకది, పదిహేనేళ్ళు దాటింది. చుట్టూ చింతగింజల జిగురు ఎక్కడైనా లేచిందా చూడు. కుడిచేతితో కొట్టే సిర్ర పుల్లను నూనె చేతితో పట్టకు. ఏరివేత రోజు ఎండలో కాచు, మన పాత పద్ధతే, బస్సు బానెట్ మీద.

ఇక్కడ నా డప్పుకు ఏం తక్కువ లేదు. పెండ్లికీ చావుకూ పిలుస్తూనే ఉన్నారు. చెవులు లేకున్నా చేతులకు యాది ఉంటుంది కదా. నాకోసం బెంగపడకు.

ఒటియెనోను అడిగినట్టు చెప్పు. వాడి పండ్ల సందు ఇంకా అట్లనే ఉందా?

బావ
నర్సింగ్


సనయ్య, దోహా
2022 జూన్ 24, శుక్రవారం

బావా!

గెలిచాం! దీన్ని చదివి శోభక్కకు కూడా చదివి వినిపించు, ఊరికి కూడా వినిపించు, పోశమ్మకు కోడి మొక్కు నా పేరు మీద.

పోయిన శుక్రవారం ఏరివేత. ఇప్పుడు ఎండాకాలం, పదింటి నుంచి మూడున్నర దాకా బయట పని బంద్. నాలుగింటికి మమ్మల్ని పిలిచారు. డప్పును మన పద్నాలుగో నంబర్ బస్సు బానెట్ మీద పెట్టాను. క్యాంపు బాసు లియాఖత్ అలీ పక్కనే నిలబడి తన గడియారం చూస్తూ, "పాంచ్ మినిట్, పలటావో! పాంచ్ మినిట్, పలటావో!" అని రొట్టె కాల్చినట్టే తిప్పించాడు. పెషావర్ మనిషికి మన డప్పు మీద ఎంత ప్రేమో. వేలితో మీటితే కంగుమంది బావా. ఇక్కడి ఎండ ముందు మన గడ్డిమంట ఎంత!

తొమ్మిది బ్యాండ్లు వచ్చాయి. ఒటియెనో గిటారు మొదలుపెట్టాడు, రఫీక్ బేసు కలిపాడు, నేను మొదటి దెబ్బ మింగి రెండో దాని మీద పడ్డాను. నువ్వు కట్టిన పాటే.

'ఎక్కితె సనయ్య, దిగితె స్టేడియం,
నడుమల నిద్ర, నడుమల పాట,
బస్సు పద్నాలుగు, బతుకు పద్నాలుగు,
యల్లా యల్లా పోదాం పద.'

యల్లా అనగానే ముందు వరుసలో కూర్చున్న నేపాలీలు, ఘనావాళ్ళు అందరూ లేచారు. పెద్దమనిషి ఒకాయన డప్పును చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఎక్కడిది?" అని అడిగించాడు. మా బావ నాయన చేసిందని చెప్పాను. మన ఊరిలో డప్పు మోగితే ఎవరు పోయారని అడుగుతారు. అక్కడ ఒక్కరూ అడగలేదు బావా. ఇంకొక్కసారి కొట్టమన్నారు.

నవంబరు ఇరవై, మొదటి మ్యాచు రోజు, మనదే మొదటి పాట. నలభై వేలమంది కూర్చునే మైదానమట. శేషాచలం గారు ఐన్ ఖాలిద్‌లో వాళ్ళ ఇంటికి పిలిచి భోజనం పెట్టారు. ఆయన భార్య సావిత్రి గారు "మా వాళ్ళందరికీ చెప్పేశానండీ, మా కంపెనీ వాళ్ళే అని" అన్నారు. నన్ను అండీ అన్నారు!

వీడియో తీయించి పంపిస్తాను. నువ్వు చూడాలి.

జలంధర్


తుమ్మలపల్లె
2022 జూలై 17

జలంధర్,

కోడి మొక్కు చెల్లింది. నీ ఉత్తరం నేను చదవలేదు, ఊరే చదివింది. కల్లు దగ్గర ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి, మడతలు చిరిగి, కల్లు మరకతో ఇంటికి వచ్చింది. 'మీ డప్పు దుబాయ్‌ల మోగుతుందంట కదా' అని సర్పంచ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. పెదవులు చూసి తెలుసుకున్నాను. ఆ చెయ్యి ఇంతవరకు నా భుజం మీద ఎన్నడూ పడలేదు. దుబాయ్ కాదు ఖతర్ అని చెప్పినా ఎవరికి ఎక్కుతుంది.

నలభై వేలమంది అన్నావు. నిజమేనా, నీ నోటి లెక్కనా? సగమైనా సరే.

ఆ రోజు నేను ఇంటి ముందు మంచం వేసుకొని కూర్చుంటాను. వినపడకున్నా ఇప్పుడు కొడుతున్నాడు, ఇప్పుడు మింగుతున్నాడు అని లెక్కపెట్టుకుంటాను. నాకు ఇంకేం వద్దు.

బావ

(ఇది మీ అక్క రాస్తున్న. మీ బావకు చూపియ్యకుండ అంటిస్తున్న. తమ్మీ, ఆయన డప్పు కొట్టుడు బంద్ చేసి ఏడాది దాటింది. నీకు అబద్ధం రాసిండు. పోశెట్టి తాత సావుకు పోయిండు, నడుమల తాళం తప్పిండట, అందరు ఆగిన్రు, ఈనకు తెల్వక ఒక్కడే కొట్టుకుంట నడిచిండు. ఆఖరికి ఎవలో చేతులకెల్లి పుల్లలు గుంజుకున్నరు. ఇంటికొచ్చి డప్పును అటక మీద పడేసిండు. అప్పటి సంది మల్ల ముట్టలే. నీ ఉత్తరం వచ్చినంక గిప్పుడే జర తిన్నడు, నవ్విండు. నీ చేతులల్ల ఉన్నది తమ్మీ. నువ్వు మంచిగ కొట్టు. శోభ.)


సనయ్య, దోహా
2022 అక్టోబరు 2

బావకు నమస్కారాలు.

అక్క నీ చాటున ఒక ముక్క రాసింది, ఆమెను ఏమీ అనకు; దాని గురించి నేనేమీ అడగను. నువ్వూ చెప్పకు.

ఒక చిక్కు వచ్చింది. ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

ప్రాక్టీసు ఇప్పుడు ఒక పెద్ద హాలులో పెడుతున్నారు. గాజు తలుపులు, లోపల ఏసీ. రెండు చొక్కాలు తొడిగినా వణుకే. పోయిన వారం మొదటిసారి పోయాం. బస్సు దిగేటప్పుడు డప్పు బాగానే ఉంది. అరగంట మా వంతు కోసం కూర్చున్నాం. లేచి కొడితే చప్పుడే లేదు బావా. తడిగుడ్డ మీద కొట్టినట్టు. ఒటియెనో పాట ఆపి నా వైపు చూశాడు. మళ్ళీ కొట్టాను. అంతే. చర్మం మొత్తం జారిపోయింది.

చెవులకు హెడ్‌సెట్ యంత్రం తగిలించుకున్న అమ్మాయి ఒకామె ఉంది, కార్యక్రమం అంతా ఆమెదే. మంచిదే పాపం. "నో ప్రాబ్లం, ప్యాడ్ ఇస్తాం" అంది. ప్యాడ్ అంటే రబ్బరు పలక. దాని మీద కొడితే లోపలి మిషను డప్పులాగా చప్పుడు చేస్తుంది. కొట్టి చూశాను. చప్పుడు బాగానే వస్తుంది. చేతికి మాత్రం ఏమీ తెలియదు.

గదికి వచ్చాక రఫీక్ డప్పుకు ఇస్త్రీపెట్టె వేడి చూపించాడు. ఒక అంచు ముడుచుకుపోయింది, భయపడి ఆపించాను. ఇప్పుడు ఎండ కూడా పాత ఎండ కాదు, సాయంత్రం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి తేమ వస్తుంది. వేదిక మీద పాట రాత్రే కదా. మంట పెడదామంటే క్యాంపులో ఇప్పుడు మంట పూర్తిగా బంద్. సిగరెట్టు తాగాలన్నా ఒక మూల గీత గీశారు, అది దాటొద్దు. కప్పు దగ్గర పడిన కొద్దీ రోజుకొక తనిఖీ.

ఇంకో మాట. లిస్టులు వచ్చాయి. కప్పు అయ్యేదాకా పని లేదని సగం క్యాంపును ఈ నెలాఖరుకు ఇంటికి పంపుతున్నారు. మళ్ళీ పిలుస్తారో లేదో అల్లాకు తెలుసు అంటాడు లియాఖత్ అలీ. మా ముగ్గురి పేర్లు కూడా ఉండేవట, పాట కోసమని శేషాచలం గారు తీయించారు. "జాగ్రత్తగా ఉండవయ్యా. ఒక్క కంప్లయింటు వచ్చిందంటే నేను కూడా ఆపలేను" అన్నారు.

ఈ నెల ఇరవై మూడున అదే హాలులో ఆఖరి పరీక్ష. "బ్రదర్, ప్యాడ్ ఓకే. స్టేజి ముఖ్యం" అంటున్నాడు ఒటియెనో. నాకు చేతులు ఆడటం లేదు. నువ్వు ఏదంటే అది. ప్యాడ్ మీద కొట్టనా? ఊఁ అంటే కొడతాను. ఒక్క ఊఁ చాలు.

జలంధర్


తుమ్మలపల్లె
2022 అక్టోబరు 14

ఊఁ అనను.

రబ్బరు పలక మీద కొట్టడానికా ఎనిమిదేళ్ళు నీకు నేర్పింది? రబ్బరు మీద కొట్టేదానికి నువ్వెందుకు, నీ చేతులెందుకు, మిషను వాడికే అప్పజెప్పు. మా నాయన ఆ చర్మాన్ని మూడు రోజులు సున్నంలో నానబెట్టి, బొచ్చు తీసి, వేపచెక్క గుండ్రానికి తన పండ్లతో పట్టి లాగి కట్టాడు. ఆయన పోయిన రోజు దాన్ని కాచి ఆయన ముందే కొట్టాను. అది రబ్బరు ముందు ఓడిపోవాలా?

డప్పుకు ప్రాణం లేదని ఎవడన్నాడు? చలేస్తే ముడుచుకుంటుంది, కాగితే లేస్తుంది. దానికి కావలసింది మంట. మంటకు భయపడేవాడు డప్పు పట్టొద్దు.

వినుకో. నీళ్ళ ట్యాంకు వెనక గోడ ఉంది, అక్కడికి గాలి రాదు. అట్టపెట్టె ముక్కలు నాలుగు చాలు. రెండు మూరల దూరం. వెనక వైపు ముందు, ముఖం తర్వాత. వేలితో మీటి చూస్తూ ఉండు. మంట తగ్గాక ఇసుక కప్పు. డప్పును దుప్పట్లో చుట్టుకొని బస్సెక్కు, హాలులో నీ వంతు వచ్చేదాకా విప్పకు, వేడి పోదు. మొత్తం పది నిమిషాల పని. 2012లో నేను అక్కడే మూడుసార్లు కాచాను, ఏ నా కొడుకు ఏమన్నాడు? చలికాలం లియాఖత్ అలీ కూడా వచ్చి చేతులు కాచుకున్నాడు.

చల్ల డప్పు కొట్టినోడు, రబ్బరు కొట్టినోడు నా బామ్మర్ది కాడు. నీ ఇష్టం.

ఖతర్‌లో ఆ దుఖాన్ ఊరిలో డ్రైవరు చేసే గంగాప్రసాద్ సెలవు అయిపోయి పోతున్నాడు. ఈ ఉత్తరం వచ్చే శుక్రవారం నీ చేతిలో పెడతానన్నాడు.

నర్సింగ్


దోహా
2022 నవంబరు 25

ప్రియమైన బావకు,

ముంబైలో దిగే ఒకతను ఉన్నాడు, అక్కడ పోస్టులో వేయమని ఇది ఇస్తున్నాను. నా ఫోను కింద పడి పగిలింది, కొన్నాళ్ళు ఫోను చేయనని అక్కకు చెప్పు.

అయిపోయింది బావా. కొట్టాను.

నువ్వు చెప్పినట్టే కాచాను. వెనక వైపు ముందు, ముఖం తర్వాత, రెండు మూరల దూరం. దుప్పట్లో చుట్టుకొని ఒళ్ళో పెట్టుకున్నాను. వేదిక మీద దీపాలు అంత వెలుగు, ఎదురుగా ఎవరున్నారో కనపడలేదు, మనుషుల చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. నలభై వేలు నా నోటి లెక్క కాదు. ఒటియెనో తెల్లచొక్కా, రఫీక్ నీలిచొక్కా, నాకు ఎర్రచొక్కా ఇచ్చారు. నేను నడుమ. మొదటి దెబ్బ మింగాను, రెండో దెబ్బకు మైదానం మొత్తం లేచింది. యల్లా యల్లా అంటుంటే తెలుగువాళ్ళు ఒక మూల నుంచి ఈలలు. శేషాచలం గారు, సావిత్రి గారు ముందు వరుసలో కూర్చున్నారు. లియాఖత్ అలీ ఏడ్చాడు. పాట అయ్యాక ఆ చెవి యంత్రం అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకొని "దిస్ ఈజ్ బెటర్" అంది. ప్యాడ్ కంటే ఇదే బాగుందని.

నీ పేరు చెప్పారు బావా. మైకులో చెప్పారు. నర్సింగ్ అనడం రాక నార్సిన్ అన్నారు, అయినా చెప్పారు.

నువ్వు మంచం మీద కూర్చున్నావు కదా ఆ పూట? లెక్కపెట్టావు కదా?

నీ బామ్మర్ది
జలంధర్


తుమ్మలపల్లె
2022 డిసెంబరు 8

జలంధర్,

ఈ ఉత్తరం దోహాకు కాదు, భివండికి రాస్తున్నాను. లింగన్న తమ్ముడి మగ్గాల షెడ్డు, లింగన్నే చెప్పాడు, అదే కదా నీ చిరునామా.

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని నాలుగుసార్లు చదివాను. మరుసటి రోజు లింగన్న దోహా నుంచి వీడియో పంపాడు, శోభ ఫోనుకు. శోభ దాన్ని చెవి దగ్గర పెట్టుకొని కండ్లు తుడుచుకుంటోంది. మా పాలివాళ్ళు చుట్టూ చేరి తలలు ఊపుతున్నారు. వాళ్ళందరూ పాట విన్నారు. నాకు ఆ భాగ్యం లేదు కనుక నేను మనుషులను లెక్కపెట్టాను.

తెల్లచొక్కా ఒటియెనో. నీలిచొక్కా రఫీక్. నడుమ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ మీద మా నాయన డప్పు నిలబెట్టి ఉంది, ముఖం నిండా తెల్లపొడి. నువ్వు లేవు. మొదలు నుంచి ఆఖరు దాకా మూడుసార్లు తిప్పించి చూశాను, నువ్వు లేవు. ఒటియెనో మాత్రం మొదటి దెబ్బ వచ్చే చోటల్లా ఆ కుర్చీ వైపు తల తిప్పుతున్నాడు. వినేవాళ్ళకు అది తెలియదు.

లింగన్నతో శోభ మాట్లాడింది, నేను ఒక కాగితం మీద అడిగాను, ఆమె ఒక కాగితం మీద రాసింది. ట్యాంకు వెనక అట్టముక్కలు అంటించావు. కొత్త సెక్యూరిటీ వాడు పొగ చూశాడు. మంటలార్పే సిలిండరు తెచ్చి మంట మీద, డప్పు మీద, నీ మీద తెల్లపొడి చిమ్మాడు. అలారం మోగి క్యాంపు మొత్తాన్ని రోడ్డు మీద నిలబెట్టారు. లియాఖత్ అలీ వచ్చి "మేరే హాత్ మే కుఛ్ నహీ, భాయ్, రిపోర్ట్ ఊపర్ చలా గయా" అని, రిపోర్టు పైవాళ్ళకు పోయిందని తల పట్టుకున్నాడు. శేషాచలం గారు ఆఫీసు ముందు నిలబడి "నా చేతుల్లో ఏమీ లేదయ్యా జలంధర్, మంట అన్నాక నేను నోరెత్తలేను" అన్నారు. మూడో రోజుకు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించారు. దిగినవాడివి ఇంటికి రాలేదు.

నెల రోజులు భివండిలో కూర్చొని, నేను మంచం మీద కూర్చొని లెక్కపెట్టుకోవాలని, ఎర్రచొక్కా, మైకు, నా పేరు, అన్నీ కూర్చావు.

అరేయ్, నిన్ను తిడదామని కలం పట్టాను. తిట్టు రావడం లేదు. అట్టముక్కలు నువ్వు అంటించావు, మంట నాది. రబ్బరు కొడితే ఏమయ్యేదిరా? చప్పుడు బాగానే వస్తుందని రాశావు కదా. ఒక్క ఊఁ అడిగావు. చేతులుండి, కలముండి, ఆ ఒక్క అక్షరం రాయలేదు. పదేళ్ళ కింద నేను కాచుకున్న మంటను నమ్మి నిన్ను తోసేశాను. అక్కడి గోడ అదే కావచ్చు, క్యాంపు అది కాదని నాకు తోచలేదు. నా డప్పు పుల్లలు గుంజుకున్నవాళ్ళ మీద కోపం నీ మీద తీర్చుకున్నాను.

శోభ నాతో మాట్లాడటం లేదు. ఈసారి పెదవులు కూడా కదపడం లేదు.

ఇంటికి రా.

నర్సింగ్


భివండి
2022 డిసెంబరు 18

బావా,

దొరికిపోయాను కదా.

ఒక్క సంగతి ముందు రాయాలి. నీ ఉత్తరం నాకు మంట అయ్యాకనే ముట్టింది. గంగాప్రసాద్ ఆలస్యంగా వచ్చాడు. కాచుదామని నాకు నేనే అనుకున్నాను, నేనే కాచాను. కనుక నువ్వు నెత్తి కొట్టుకునేదేమీ లేదు. అక్కకు కూడా ఇదే చెప్పు.

ఆ పొద్దు డప్పు బాగా కాగింది బావా. అది మాత్రం అబద్ధం కాదు. మీటితే కంగుమంది. ఆ చప్పుడు వింటూ ఉన్నాను, వెనక నుంచి వాడు వచ్చింది చూసుకోలేదు.

ఇవాళ కప్పు ఆఖరి మ్యాచు. షెడ్డులో ఎవడి ఫోనులోనో చూస్తున్నారు. ఆ స్టేడియంలో నేను కట్టిన మెట్లు కనపడతాయేమోనని తొంగి చూశాను, జనంతో నిండి ఉంది, మెట్లు కనపడలేదు.

ఒటియెనోతో మాట్లాడాను. రఫీక్‌ను కూడా పోయిన వారం పంపించేశారు. ఒటియెనో కాంట్రాక్టు ఖలాస్, జనవరిలో కెన్యాలో వాళ్ళ ఊరు కిసుము వెళ్ళిపోతాడు. మన బస్సును ఎవరో కొన్నారట, నంబరు చెరిపి తెల్లరంగు వేశారు. డప్పు ఒటియెనో పెట్టెలో ఉంది. దాన్ని తనతో పాటు కిసుముకు తీసుకుపోతానని అడిగాడు. 'మా బావది' అని చెప్పాలనే ఉండింది. సరే అన్నాను. తప్పయితే క్షమించు.

ఇంటికి రమ్మన్నావు. ఎట్లా రావాలి? సర్పంచ్ నీ భుజం మీద చెయ్యి వేశాడని రాశావు. నేను దిగిన రోజే ఆ చెయ్యి తీసేస్తాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. షెడ్డులో ఇరవై నాలుగు మగ్గాలు. అన్నీ ఒక్కసారి ఆడితే పక్కవాడు అరిచినా వినపడదు. ఇక్కడ కూడా నాకు అలవాటు పోలేదు, ప్రతి మగ్గం మొదటి దెబ్బను మింగుతూ కూర్చుంటాను. రెండు వారాలుగా కుడిచెవిలో సన్నగా ఈల లాగా వస్తోంది. పడుకున్నా పోదు. నీకు కూడా మొదలు అట్లాగే వచ్చిందా?

జలంధర్


తుమ్మలపల్లె
2022 డిసెంబరు 26

జలంధర్,

గంగాప్రసాద్ నా ఉత్తరం శుక్రవారం నీ చేతిలో పెట్టాడు. ఆ పొద్దే శోభకు ఫోను చేసి చెప్పాడు. మంట ఆదివారం. అబద్ధం ఆడేటప్పుడు కూడా తాళం చూసుకోవాలిరా బామ్మర్దీ. అక్కకు నువ్వు రాసినట్టే చెప్పాను. ఆమెకూ లెక్కలు వచ్చు, అయినా తలూపింది, నా ముందు చాయ్ పెట్టింది.

డప్పు ఒటియెనోకు ఇచ్చి మంచి పని చేశావు. వాడి దగ్గర ఎండ ఉంటుంది.

అవును. నాకు కూడా కుడిచెవిలోనే మొదలైంది. ఈలే. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు.

సర్పంచ్ చెయ్యి నాకు అక్కర్లేదు. నువ్వు రాకపోతే నేనేం చేయగలను, భివండికి వచ్చి నిన్ను మోసుకొని రాలేను. నా చేతనయింది ఒక్కటే. ఈ కవరులో ఒత్తులు చేసే పత్తి పెట్టాను, శోభ గింజలు తీసి ఇచ్చింది. మగ్గం దగ్గరికి పోయే ముందు రెండు చెవుల్లో పెట్టుకో. సన్నటి దెబ్బ తెలియకున్నా పర్వాలేదు. పెట్టుకో జలంధర్. పెట్టుకున్నావని రాయి.

బావ